గుమ్మంలోకి వచ్చిన అభ్యర్థిని బడి గురించి అడగాలి

2024 మే నెలలో ఒక సాయంత్రం. సైట్ నుంచి వచ్చి ఇంకా బూట్లు విప్పలేదు, బెల్లు మోగింది. తలుపు తీస్తే చేతిలో కరపత్రాలతో ఒక పెద్దమనిషి, వెనకాల ఇద్దరు కుర్రాళ్లు. జూన్ 7న జరిగే కౌన్సిల్ ఎన్నికల్లో నిలబడుతున్నానని చెప్పారు. "మాకు ఈ దేశ పౌరసత్వం లేదండీ, ఓటు లేదు" అని అలవాటు ప్రకారం అనేశాం. ఆయన నవ్వి, "స్థానిక ఎన్నికలకు పౌరసత్వం అక్కర్లేదు. ఇక్కడ నివాసం ఉండి, పద్దెనిమిదేళ్లు నిండి, జాబితాలో పేరుంటే చాలు" అన్నారు.

నిజం చెప్పాలంటే సిగ్గేసింది. కతార్ నుంచి 2018లో ఐర్లాండ్ వచ్చాం. 2019 మే 24న కౌన్సిల్ ఎన్నికలు జరిగాయి. ఆ రోజు పోలింగు కేంద్రం పక్కనుంచే పనికి వెళ్లాం. లోపలికి వెళ్లి ఓటెయ్యొచ్చని చెప్పినవాళ్లు లేరు, మేమూ అడగలేదు. మా డబ్లిన్ 15లో ఇప్పటికీ సగం మంది తెలుగువాళ్లు అలాగే ఉన్నారని మా అనుమానం. చంద్రబాబు గెలుస్తాడా, జగన్ గెలుస్తాడా, రేవంత్ ఏమన్నాడు అన్నది రాత్రి పన్నెండింటిదాకా మాట్లాడుకుంటాం. మా వీధి కౌన్సిలర్ పేరేమిటంటే మాత్రం ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం.

"మీకు ఏం సమస్యలున్నాయి?" అని ఆయన అడిగితే వీసా అన్నాం, ఇంటి అద్దె అన్నాం. వీసా తమ చేతిలో లేదు, అద్దె కొంచెమే ఉంది అన్నారు. ఇంతలో మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "బడి సంగతి అడగండి ముందు" అంది. ఆ మాటతో గుమ్మంలోనే పావుగంట గడిచిపోయింది. ఆ పావుగంటలో ఆయన చెప్పినవీ, వాటిలో మాకు నచ్చినవీ నచ్చనివీ మన వాళ్లతో చెప్పాలనే ఈ నాలుగు మాటలు. ఆయన ఏ పార్టీ, గెలిచారా ఓడారా అన్నది ఇక్కడ అనవసరం.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మా అమ్మాయిని 2020 సెప్టెంబరులో జూనియర్ ఇన్‌ఫంట్స్‌లో వెయ్యాలని నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న మూడు బడులకు దరఖాస్తు పెట్టాం. మూడింటి నుంచీ "ఖాళీ లేదు" అని మర్యాదగా ఉత్తరాలు వచ్చాయి. ఒక బడిలో విచారిస్తే వెయిటింగ్ లిస్టు ఉందన్నారు. ఆ లిస్టులో పిల్లలు పుట్టిన నెలలోనే పేర్లు రాయించినవాళ్లు ఉన్నారట. మా పిల్ల పుట్టింది భీమవరంలో. పుట్టిన నెలలో డబ్లిన్ బడిలో పేరు రాయించడానికి మాకు దివ్యదృష్టి లేదు కదా! చివరికి ఐదు కిలోమీటర్ల అవతల సీటు దొరికింది. మేము తెల్లవారుజామున సైట్‌కి వెళ్లిపోతాం కాబట్టి ఆ రెండేళ్లు మా ఆవిడ వానలో, గాలిలో, చంటివాణ్ని తోపుడుబండిలో పెట్టుకుని బస్సులు మారింది. ఇది మా ఒక్కరి కథే అనుకోవడం లేదు. ఆలస్యంగా వచ్చినవాడికి వరసలో చివరి చోటే దొరుకుతుంది. వలస వచ్చినవాడు ఎప్పుడూ ఆలస్యంగా వచ్చినవాడే.

ఈ లిస్టుల పద్ధతి ఇప్పుడు పోయింది. 2018లో చేసిన బడి ప్రవేశాల చట్టం రెండు పెద్ద పనులు చేసింది. ఒకటి, సీట్లు చాలని కాథలిక్ ప్రాథమిక బడి బాప్తిస్మం పొందిన పిల్లలకే ముందు సీటు ఇవ్వడం ఆపించింది. చిన్న మతవర్గాల బడులకు మాత్రం కొంత మినహాయింపు ఉంచారు. రెండు, ముందొచ్చినవాడికే ముందు అనే వెయిటింగ్ లిస్టులు కొత్తగా పెట్టకూడదంది. అప్పటికే ఉన్న పాత లిస్టులను 2025 జనవరి చివరిదాకా వాడుకోనిచ్చింది. మేము దరఖాస్తు పెట్టేనాటికి చట్టం ఉంది, పాత లిస్టూ ఉంది. ఇప్పుడు వచ్చే తెలుగు కుటుంబాలకు ఆ బాధ లేదు, సంతోషం. కానీ ఆ చట్టం ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఏళ్ల తరబడి తల్లిదండ్రులు సభలు పెట్టి, అభ్యర్థుల్ని గుమ్మాల్లో నిలదీసి తెచ్చుకున్నారు. అందులో మన వాళ్లు ఎంతమంది ఉన్నారో మనకే తెలుసు.

అసలు ఇక్కడి బడులు ఎవరివి? కొత్తగా వచ్చినవాళ్లకు ఇది బోధపడటానికి చాలా కాలం పడుతుంది. మన ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూలు అంటే ప్రభుత్వ బడి, కాన్వెంటు అంటే ప్రైవేటు బడి. ఇక్కడ టీచర్ల జీతాలు ప్రభుత్వానివి, పాఠ్యప్రణాళిక ప్రభుత్వానిది, కానీ బడికి ప్యాట్రన్ అని ఒకరు వేరే ఉంటారు. బడి ఏ స్వభావంతో నడవాలో చెప్పేది ఆ ప్యాట్రనే. ప్రాథమిక బడుల్లో పదింటికి దాదాపు తొమ్మిదింటికి ప్యాట్రన్ స్థానిక కాథలిక్ బిషప్పు. మిగిలినవాటిలో ప్రొటెస్టెంట్ బడులున్నాయి, కొద్దిగా ముస్లిం బడులున్నాయి, 1978లో డాల్కీలో మొదటి బడితో బయల్దేరిన ఎడ్యుకేట్ టుగెదర్ బడులున్నాయి. ఇవి కాక కమ్యూనిటీ నేషనల్ స్కూళ్లు. వీటిలో మొదటి రెండూ 2008లో మా డబ్లిన్ 15లోనే, పోర్టర్స్‌టౌన్, ఫిబుల్స్‌టౌన్‌లలో తెరిచారు. ఇప్పుడు వాటి ప్యాట్రన్లు ఎడ్యుకేషన్ అండ్ ట్రైనింగ్ బోర్డులు. వాడుకలో ఇ.టి.బి. అంటారు.

ఈ ఇ.టి.బి. మాట గుర్తుపెట్టుకోండి, మన ఓటు పట్టు దొరికేది అక్కడే. టెక్సాస్‌లో ఉన్న మా కజిన్ ఇంటికి రాష్ట్ర విద్యాబోర్డు అభ్యర్థుల కరపత్రాలు వస్తాయి. పదిహేను మంది సభ్యుల్ని ఓటర్లే ఎన్నుకుంటారు. పాఠ్యపుస్తకాల్లో ఏముండాలన్న దాని మీద అక్కడ పెద్ద యుద్ధాలే జరుగుతాయి. పాపం అతనికి ఓటు లేదు, గ్రీన్‌కార్డు వరసలో ఉన్నాడు. ఐర్లాండ్‌లో అలాంటి బోర్డుకు నేరుగా ఎన్నిక లేదు. కానీ 2013 జులై 1న పాత 33 వొకేషనల్ కమిటీలను కలిపి 16 ఇ.టి.బి.లు చేసినప్పుడు, ఒక్కో బోర్డులో 21 మంది సభ్యులుండాలనీ, అందులో 12 మందిని కౌన్సిళ్లే తమ కౌన్సిలర్లలోంచి పంపాలనీ చట్టంలో పెట్టారు. తల్లిదండ్రుల ప్రతినిధులు మరో ఇద్దరు. అంటే, వర్క్ పర్మిట్ మీద ఉన్న సెంటరింగ్ మేస్త్రి వేసిన ఓటుతో గెలిచిన కౌన్సిలరు రేపు ఆ బోర్డులో కూర్చుని బడుల గురించి చెయ్యెత్తవచ్చు. అమెరికాలో ఉన్న మా కజిన్‌కి లేని వీలు మనకుంది. మనం దాన్ని కరపత్రంతో పాటు చెత్తబుట్టలో వేస్తున్నాం.

సరే, అభ్యర్థి గారి మాటలకు వద్దాం. ఆయన మొదటి మాట: ఇళ్లకు అనుమతి ఇచ్చేముందే బడికి చోటు చూడాలి. ఇది మాకు నూటికి నూరు పాళ్లు నచ్చింది. మేము కట్టేవాళ్లం కాబట్టి చెబుతున్నాం. మూడొందల ఇళ్ల ఎస్టేటులో స్లాబులు పోసేటప్పుడే లెక్క తెలిసిపోతుంది, ఇన్ని బెడ్‌రూములంటే ఇంతమంది పిల్లలు వస్తారని. ఇళ్లు చకచకా లేస్తాయి, బడికని ప్లానులో వదిలిన ముక్కలో మాత్రం గడ్డి మొలుస్తూ ఉంటుంది. కౌన్సిలర్లు బడి కట్టలేరు, అది విద్యాశాఖ పని. కానీ కౌంటీ అభివృద్ధి ప్లానుకు ఓటేసేది వాళ్లే. ఏ భూమి ఇళ్లకు, ఏ భూమి బడికి అన్నది ఆ ప్లానులోనే తేలుతుంది. లూకన్ పక్కన ఆడమ్స్‌టౌన్ ఉంది చూడండి, మన వాళ్లు బోలెడంత మంది ఉండే చోటు. 2003లో ఆమోదమైన దాని పథకంలో దశలవారీ షరతులు పెట్టారు. ఫలానా దశకు బడులు, రైలు స్టేషను లాంటివి సిద్ధం కాకపోతే తర్వాతి దశ ఇళ్లు కట్టడానికి వీల్లేదన్నారు. బిల్డర్లు గొణిగి ఉంటారు, మా కంపెనీ వాళ్లయినా గొణుగుతారు. కానీ అలాంటి షరతు లేకపోతే ఏమవుతుందో బాల్‌బ్రిగన్ చూపించింది.

2007 సంగతి అది. డబ్లిన్‌కు ఉత్తరాన బాల్‌బ్రిగన్‌లో ఇళ్లు విపరీతంగా లేచాయి. సెప్టెంబరు వచ్చేసరికి ఉన్న బడులన్నీ నిండిపోయాయి. కాథలిక్ బడుల్లో బాప్తిస్మం పొందినవాళ్లకు ముందు సీట్లు ఇచ్చారు. మిగిలిపోయిన పిల్లల కోసం హడావుడిగా ఒక ఎడ్యుకేట్ టుగెదర్ బడి తెరిచి చూస్తే, అందులో చేరిన పిల్లలు దాదాపు అందరూ ఆఫ్రికా కుటుంబాల వాళ్లే. నల్లపిల్లల బడి పెట్టాలని అనుకున్నవారెవరూ లేరు. ఎవరి రూలు ప్రకారం వాళ్లు మంచిగానే నడుచుకున్నారు. కానీ రూళ్లన్నీ కలిసి ఆ పని చేసిపెట్టాయి. ఈ దేశం అప్పుడు ఉలిక్కిపడింది.

ఆ తర్వాత బడులు త్వరగా కట్టాలన్న తొందర మొదలైంది. ఆ తొందర కూడా ఏం చేసిందో మా పనివాళ్లకు బాగా తెలుసు. 2018 అక్టోబరులో అదే బాల్‌బ్రిగన్‌లో ఆర్డ్‌గిలన్ కమ్యూనిటీ కాలేజీలో, మా పక్కనే ఉన్న టిరల్స్‌టౌన్‌లో రెండు ప్రాథమిక బడుల్లో నిర్మాణ లోపాలు బయటపడి గదులు మూసేశారు. ఒకే పద్ధతిలో కట్టిన దాదాపు 40 బడుల్ని వరసగా తనిఖీ చేశారు. కొన్నింటి చుట్టూ కంచెలు వేసి, లోపల సపోర్టులు పెట్టి పిల్లల్ని నడిపించారు. మేము అప్పుడు కొత్తగా వచ్చాం. సైట్‌లో టీ తాగే షెడ్డులో నెల రోజులు అదే మాట. గోడను ఫ్రేముకు పట్టి ఉంచే టైలు లోపల ఉన్నాయా లేవా అన్నది గోడ మూసేయకముందు చూడాలి. మూసేసి పెయింటు కొట్టాక దేవుడికే తెలియాలి. 2014 నుంచి ఇక్కడ కట్టడాల నియంత్రణ రూళ్లు గట్టిపడ్డాయి, ఒక సర్టిఫయర్ దశదశకూ చూసి సంతకం పెట్టాలి. ఆ బడుల్లో చాలావరకు అంతకుముందు కట్టినవి. అందుకని బడి త్వరగా కట్టిస్తానని ఏ అభ్యర్థి అయినా హామీ ఇస్తే మేము చప్పట్లు కొట్టం. భూమి ఎప్పుడు కొంటారు, అనుమతి ఎప్పుడు, అంతదాకా ప్రిఫ్యాబ్ గదుల్లో పిల్లలు ఎన్నేళ్లుండాలి అని అడుగుతాం. ఆయన్ని అడిగితే రెండో ప్రశ్న దగ్గరే వాచీ చూసుకున్నారు.

ఆయన రెండో మాట: ఇ.టి.బి. బడులు ఇంకా పెరగాలి. దీనికీ మేము సై. డిప్లొమా చదివినవాళ్లం, చేతిపనికి విలువిచ్చే చోటంటే మాకు సహజంగానే అభిమానం. మా సైట్‌కి వచ్చే ప్లంబింగ్, కార్పెంటరీ అప్రెంటిస్ కుర్రాళ్లు ఇ.టి.బి. శిక్షణ కేంద్రాల్లో నెలల తరబడి నేర్చుకుని వస్తారు. జీతం తీసుకుంటూ చదువుకుంటారు. మన పాలిటెక్నిక్‌లో మూడేళ్లలో మేము నిజమైన ఇటుక గోడ కట్టింది ఎన్నిసార్లో చెప్పుకుంటే నవ్వుతారు. కానీ మన తెలుగు ఇళ్లలో ఈ మాట ఎత్తితే చాలు, "మా వాడు మెడిసినే" అని తలుపు మూసేస్తారు. అది వేరే పంచాయితీ, మరోసారి మాట్లాడుకుందాం.

మూడో మాట దగ్గరే మాకూ ఆయనకూ తేడా వచ్చింది. కాథలిక్ బడుల్లో కొన్నింటిని వేరే ప్యాట్రన్లకు అప్పగించే సంగతి గురించి అడిగితే, "తొందర పడకూడదు, కాలం గడిస్తే అదే సర్దుకుంటుంది" అన్నారు. 2011లో అప్పటి మంత్రి రూరీ క్విన్ దీని మీద ఒక ఫోరం వేశారు, 2012లో దాని నివేదిక వచ్చింది. 2030 నాటికి అన్ని మతాలవాళ్లకూ చెందే బడులు 400 చేస్తామని ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. చేతులు మారిన బడులు మాత్రం బహు తక్కువ. సైట్‌లో ఇంత ఆలస్యంగా పని చేస్తే మమ్మల్ని రెండో వారంలో ఇంటికి పంపేస్తారు.

ఆయన ఆ మాట అన్న వారం ముందే మా ఇంట్లో ఒక సంగతి జరిగింది. మా అమ్మాయి అప్పుడు సెకండ్ క్లాసు. ఆ తరగతిలో కాథలిక్ పిల్లలకు ఫస్ట్ కమ్యూనియన్ ఉంటుంది. మామూలుగా రోజుకు అరగంట మతం పాఠం. కమ్యూనియన్ దగ్గరపడేకొద్దీ పాటల ప్రాక్టీసు, చర్చికి వెళ్లిరావడం, అంతా అదే హడావుడి. రాజ్యాంగం 44వ అధికరణం ప్రకారం మన పిల్లల్ని మతం పాఠంలో కూర్చోబెట్టనక్కర్లేదు. అది మన హక్కే. కానీ ఆ అరగంట పిల్ల ఎక్కడుంటుంది? అదే గదిలో, వెనక బల్ల మీద, రంగులు వేసుకుంటూ. టీచరమ్మ ఎంతో మంచిది, ఆవిడ చెయ్యగలిగింది అంతే. కమ్యూనియన్ అయిన సోమవారం ఆడపిల్లల తెల్ల గౌన్ల ఫొటోలు గోడకు అతికించారు. ఇంటికొచ్చి, "నా వైట్ డ్రెస్ ఎప్పుడు నాన్నా?" అంది. మనకు అది లేదమ్మా అంటే, "నేను ఏం తప్పు చేశాను?" అని అడిగింది. ఏడేళ్ల పిల్లకు రాజ్యాంగం 44వ అధికరణం ఎలా చెప్పాలి? ఉగాదికి కొన్న పట్టు పరికిణీ వేసి ఫొటో తీశాం. నవ్వింది. కానీ ఆ ఫొటో బడి గోడ మీదకు వెళ్లదు కదా.

ఇక్కడ మనలో మనం నిజాయితీగా ఉండాలి. కాథలిక్ బడులంటే మనకు పగేమీ లేదు. గుంటూరులో, విజయవాడలో, హైదరాబాదులో కాన్వెంటు సీటు కోసం తెల్లవారుజామున వరసలో నిల్చున్నది మన అమ్మానాన్నలే. క్రమశిక్షణ బాగుంటుందని మనమే చెప్పుకున్నాం. ఐర్లాండ్‌లోని తెలుగువాళ్లలో కాథలిక్కులూ ఉన్నారు, వాళ్ల పిల్లలు ఆ తెల్ల గౌన్లలో మెరిసిపోతుంటే మేమే ఫొటోలు తీశాం. మా మాటల్లా ఒక్కటే. గుంటూరులో కాన్వెంటు వద్దనుకుంటే పక్కవీధిలో మున్సిపల్ హైస్కూలు ఉంటుంది. ఇక్కడ చాలా ఊళ్లలో ఉన్నది ఒకటే బడి, దానికి జీతాలిచ్చేది మా పన్నులు. వద్దనుకున్నవాడికి వెనక బల్ల తప్ప రెండో దారి లేదు. "అదే సర్దుకుంటుంది" అన్న పెద్దమనిషికి ఈ సంగతే చెప్పాం. సర్దుకోవాల్సింది మీరు కాదండీ, మా పిల్ల అన్నాం. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత నోట్‌బుక్ తీసి ఏదో రాసుకున్నారు. మర్యాదకు రాసుకున్నారో నిజంగా రాసుకున్నారో!

భాష సంగతి కూడా ఒక ముక్క. ఇక్కడి తల్లిదండ్రులు తమ ఇళ్లలో మాట్లాడని ఐరిష్ భాషను పిల్లలకు నేర్పించడానికి గేల్‌స్కోల్‌లలో సీట్ల కోసం పోటీ పడుతున్నారు. మన దగ్గర 2019లో తెలుగు మీడియం ఎత్తేస్తామని జీవో వస్తే, 2020లో హైకోర్టు దాన్ని కొట్టేసేదాకా ఊరూరా వాదనలే. అందులో ఇంగ్లీషు మీడియమే కావాలన్న తల్లిదండ్రుల్ని మేము తప్పుపట్టం, మేము తెలుగు మీడియంలో చదివి పాలిటెక్నిక్‌లో మొదటి ఏడాది ఇంగ్లీషుతో ఏడ్చినవాళ్లమే. కానీ ఇక్కడ లీవింగ్ సర్టిఫికెట్‌లో పోలిష్, లిథువేనియన్, పోర్చుగీస్, మాండరిన్ సబ్జెక్టులుగా వచ్చాయి. 2020లో పాఠాలు మొదలై, 2022లో మొదటి పరీక్ష జరిగింది. పోలండ్ వాళ్లు శనివారం బడులు పెట్టుకుని, అడిగి అడిగి సాధించుకున్నారు. తెలుగు రేపే రావాలని అనడం లేదు. అడిగినవాడైతే ఉండాలి కదా.

అడగడానికి 2029 ఎన్నికలదాకా ఆగనక్కర్లేదు. ప్రతి ప్రాథమిక బడికీ బోర్డ్ ఆఫ్ మేనేజ్‌మెంట్ ఉంటుంది, సాధారణంగా ఎనిమిది మంది. అందులో ఇద్దరు తల్లిదండ్రుల ప్రతినిధులు, తల్లిదండ్రులే ఓటేసి ఎన్నుకుంటారు. దానికీ పౌరసత్వం అడగరు, బడిలో పిల్లలుంటే చాలు. ఇప్పటి బోర్డులు 2023 డిసెంబరులో మొదలయ్యాయి, నాలుగేళ్ల కాలం. అంటే 2027 చివర్లో కొత్తవి వస్తాయి. ప్యాట్రన్‌ను మార్చే శక్తి ఆ ఇద్దరికీ లేదు. కానీ ఆ అరగంటలో వెనక బల్ల పిల్లలకు ఏం చెప్పాలి, గోడ మీద ఎవరి ఫొటోలుండాలి, స్వచ్ఛంద విరాళం పేరుతో వచ్చే కాగితం ఏ గొంతుతో రాయాలి, ఇవన్నీ ఆ బల్ల దగ్గర మాట్లాడే సంగతులే.

ఇది మనకు కొత్త కూడా కాదు. 1998లో ఆంధ్రప్రదేశ్‌లో బడి కమిటీల చట్టం వచ్చినప్పుడు మా ఊళ్లో తల్లిదండ్రుల ఎన్నిక జరిగింది. మా నాన్న మూడో తరగతి చదివిన మనిషి, ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి ఓటేసి వచ్చాడు. తర్వాత కమిటీల్లో పార్టీలు దూరాయి, సంతకాల కమిటీలయ్యాయి, అదీ చూశాం. అయినా 2024 ఆగస్టు 8న ఏపీలో మళ్లీ బడి కమిటీలకు ఎన్నికలు జరిగితే, మా చెల్లెలు పొలం పని మానుకుని వెళ్లి చెయ్యెత్తి వచ్చింది. ఫోన్లో గొప్పగా చెప్పింది. "మరి నువ్వక్కడ ఏంటన్నయ్యా?" అంది. జవాబు లేక సిగ్నల్ పోతోందన్నాం.

మనవాళ్లు పోటీ చెయ్యలేరా అంటే, చెయ్యొచ్చు. నైజీరియా నుంచి ఆశ్రయం కోరి వచ్చిన రొటిమి అదెబారి 2004లో పోర్ట్‌లీష్‌లో కౌన్సిలరయ్యాడు, 2007లో ఆ ఊరి మేయరయ్యాడు. కేరళ నుంచి వచ్చిన బేబీ పెరెప్పాడన్ 2024లో సౌత్ డబ్లిన్ మేయరయ్యారు. మలయాళీలకు మొదట్నుంచీ సంఘం కట్టడం తెలుసు. మనకూ సంఘాలున్నాయి, సంక్రాంతికీ దసరాకీ హాళ్లు నిండిపోతాయి. అదే హాల్లో ముగ్గుల పోటీకీ భోజనాలకీ మధ్య ఒక అరగంట, ఓటరు జాబితాలో పేరు నమోదు చెయ్యడానికి రెండు ల్యాప్‌టాప్‌లు పెడితే ఏం పోతుంది? పి.పి.ఎస్. నంబరు, పుట్టిన తేదీ, ఎయిర్‌కోడ్ ఉంటే పది నిమిషాల పని. మేము ఆ అభ్యర్థి వెళ్లాక అదే రాత్రి చేశాం. జూన్ 7న పని అయ్యాక హై-విస్ జాకెట్‌తోనే వెళ్లి ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి వచ్చాం. ఇక్కడ ముద్ర కాదు, ఇష్టమైన వరసలో అంకెలు వెయ్యాలి. ఆయనకు రెండో అంకె వేశాం. ఆడమ్స్‌టౌన్ మాట గట్టిగా పట్టుకున్న ఇంకొకావిడకు ఒకటో అంకె వేశాం.

బోర్డు విషయానికొస్తే, మా ఆవిడ తన పేరు ఇస్తానంటోంది. ఇంగ్లీషులో మాట్లాడాలంటే భయం కదా అంటే, "బస్సులు మారి పిల్లని దింపినప్పుడు లేని భయం ఇప్పుడెందుకు?" అంది. మా చంటివాడు వచ్చే ఏళ్లలో ఆ సెకండ్ క్లాసులోకే వస్తాడు. 2027లో నామినేషన్ కాగితం వాడి బ్యాగులోనే ఇంటికొస్తుంది. లంచ్ బాక్సు కింద నలిగిపోకుండా చూసుకోమని వాడికి చెప్పాలి.